ముడి వెయ్యడం, ముడి విప్పడం: చిన్న ఊరి మిస్టరీ నవల రాసే పద్ధతి

శవం దొరికిన పొద్దున ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట: "మన ఊళ్ళోనా?" ఆ మాట చుట్టూ అల్లుకునే నవలల్ని కోజీ మిస్టరీలు అంటున్నారు. హత్య జరుగుతుంది కానీ మన కళ్ళ ముందు జరగదు. రక్తపాతం, పడగ్గది దృశ్యాలు ఉండవు. ఊరు చిన్నది, ఒకరి సంగతి ఒకరికి తెలుసు. పోలీసు ఉద్యోగంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి ఆ చిక్కుముడి విప్పుతుంది. చదివేవాళ్ళు రాత్రి పడుకునే ముందు నాలుగు పేజీలు తిరగేసి హాయిగా నిద్రపోగలగాలి.

ఇలాంటి నవల రాయాలని కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది హత్య దగ్గర మొదలుపెడతారు. విషమా, కత్తా, తాళం వేసిన గదా? నేనూ అలాగే మొదలుపెట్టాను. ఎనిమిది అధ్యాయాలు రాశాక తెలిసింది, నా పరిశోధకుడి బదులు ఇంకెవరిని పెట్టినా కథ అలాగే నడుస్తుందని. ఆ రాతప్రతి ఇంకా అలమరలోనే ఉంది. ఆ తర్వాత నేను పట్టుకున్న వరుస వేరు. ఒక కథను మొదటి నుంచి కట్టుకుంటూ ఆ వరుసే చెబుతాను. మీ కథ వేరే ఉంటుంది, మెట్లు ఇవే.

మొదటి మెట్టు: హత్యను పక్కన పెట్టి, చూసే కన్ను ఎవరిదో తేల్చుకోండి

పరిశోధించే మనిషి మిగతావాళ్ళలా ఉండకూడదని అందరికీ తెలుసు. అందుకని ఒక వింత టోపీ పెడతారు, నాలుగు పిల్లుల్ని ఇస్తారు, తనలో తాను మాట్లాడుకునే అలవాటు చేస్తారు. ఇవన్నీ నగలు. తీసేసినా కథకు నష్టం లేదు. మీకు కావలసింది ఆ మనిషికి తప్ప ఊళ్ళో ఎవరికీ కనబడనిది ఒకటి కనబడటం. అది కూడా ఏ లక్షణం వల్ల ఊరు ఆ మనిషిని పట్టించుకోదో, ఆ లక్షణం వల్లే కనబడాలి. నా లెక్కలో ఈ రకం నవలకు ప్రాణం ఇదే. మిగతా పనంతా దీని మీదే నిలబడుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1910లో ఫాదర్ బ్రౌన్ అనే మతగురువు పాత్ర వచ్చింది. పొట్టిగా, అమాయకంగా కనిపించే ఆయన దగ్గర జనం ఏళ్ళ తరబడి తమ పాపాలు ఒప్పుకుంటూ ఉంటారు. కాబట్టి నేరం చేసే మనసు ఎలా నడుస్తుందో ఆయనకు తెలుసు. 1927లో ఒక చిన్న కథతో మిస్ మార్పుల్ వచ్చింది. మూల కూర్చుని అల్లుకునే వృద్ధురాలి ముందు ఎవరైనా ఏదైనా మాట్లాడేస్తారు. ఆవిడ ప్రతి నేరాన్నీ తన పల్లెలో జరిగిన ఏదో చిన్న సంఘటనతో పోల్చుకుంటుంది. ఆ పాత్రను సృష్టించిన అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేశారు. ఆమె కథల్లో విషాలు అంత నమ్మకంగా ఉండటానికి ఆ పని ఒక కారణం. మీకు దగ్గరగా తెలిసిన పని ఏదో ఒకటి ఉంటుంది కదా, లెక్కలు రాయడమో, తోటపనో, బట్టలు కుట్టడమో. దాన్నే ముందు తడిమి చూసుకోండి.

నా కథలో ఆమె బూట్లు, చెప్పులు బాగుచేస్తుంది. యాభై ఎనిమిదేళ్ళు. ఆమెకు మనుషుల ముఖాలు గుర్తుండవు.

ఇది నిజంగా ఉన్న పరిస్థితే. దీనికి ప్రోసోపాగ్నోసియా అనే పేరు 1947లో బోడామర్ అనే జర్మన్ వైద్యుడు పెట్టాడు. కొందరికి మెదడుకు దెబ్బ తగిలాక వస్తుంది, కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. చూపులో లోపం ఉండదు. కళ్ళు, ముక్కు, నోరు అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి, కానీ అవన్నీ కలిసి "ఫలానా మనిషి" అవ్వవు. అందుకే వాళ్ళు నడకను బట్టి, గొంతును బట్టి, జుట్టును బట్టి, బట్టలను బట్టి మనుషుల్ని పోల్చుకుంటారు. బాగా తెలిసినవాళ్ళు జుట్టు కత్తిరించుకుని వచ్చినా, అలవాటు లేని చోట ఎదురుపడినా తడబడతారు.

ఆమె షాపు సగం నేలలోకి దిగి ఉంటుంది. కిటికీ వీధి మట్టానికి ఉంటుంది కాబట్టి అందులోంచి పాదాలే కనబడతాయి. రోజంతా ఊరు ఆ కిటికీ ముందు నుంచి మోకాళ్ళ దాకానే నడిచి వెళుతుంది. ఆమెకు అంతే చాలు. దారిలో ఎదురైనవాళ్ళను పలకరించదు కాబట్టి ఆమెకు గర్వమని ఊళ్ళో పేరు. సొంత తమ్ముణ్ణే బజార్లో గుర్తుపట్టలేదని పదేళ్ళుగా చెప్పుకుంటున్నారు.

ఇలాంటి పాత్రను ఎంచుకుంటే ఒక బాధ్యత మీ మీద పడుతుంది. ఆ పరిస్థితిని మాయాశక్తిలా చూపించకండి. పలకరింపుకు ముందు ఆమెకు కలిగే టెన్షన్, ఎదుటివాళ్ళ గొంతు వినబడే దాకా మాటను సాగదీయడం, పొరపాటు పడ్డప్పుడు సిగ్గు, ఇవి రాయండి. చివర్లో అది నయమైపోయినట్టు మాత్రం రాయకండి. అలాంటి మనిషి ఒకరు మీ పుస్తకం చదువుతున్నారనుకుని ప్రతి పేజీ రాయండి.

రెండో మెట్టు: ఆమెకెందుకు ఈ గొడవ?

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని పాఠకుడు అడుగుతాడు. అడగాలి కూడా. పోలీసులుండగా బూట్లు కుట్టే ఆమె ఎందుకు తిరుగుతుంది? కుతూహలం వల్ల అంటే రెండు అధ్యాయాలకు మించి నడవదు. ఇంకా గట్టి కారణం కావాలి: తన మీదే అనుమానం రావడం, తనవాళ్ళను అరెస్టు చేయడం, తను చెప్పిన నిజాన్ని ఎవరూ నమ్మకపోవడం.

నేను మూడోది తీసుకున్నాను. చనిపోయింది రిటైరయ్యాక ఊరి లైబ్రరీ చూసుకుంటున్న ఒక మాస్టారు. రాత్రి ఏడింటికి ఆయన చౌరస్తా దాటి లైబ్రరీలోకి వెళ్ళడం పదిమంది చూశారు. శవం దొరికాక ఆమె ఒక్కతే "అది ఆయన కాదు" అంటుంది. "సొంత తమ్ముణ్ణి పోల్చుకోలేనిదానివి, నువ్వా చెప్పేది?" అంటారు. ఈ ఒక్క మాట ఆమెను పుస్తకం చివరి దాకా నడిపిస్తుంది. దీన్ని మీరు రెండో పేజీలోనో పదో పేజీలోనో ఎక్కడో చెప్పేసి వదలకూడదు. ఆమె అలసిపోయిన ప్రతిసారీ ఆ మాట మళ్ళీ గుర్తుకు రావాలి.

మూడో మెట్టు: ఊరి పటం గీయండి

కాగితం మీద నిజంగానే గీయండి. చౌరస్తా, లైబ్రరీ ముందు తలుపు, వెనక తలుపు, ఆమె షాపు కిటికీ, సమావేశాలు జరిగే హాలు, మాస్టారి ఇల్లు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎన్ని నిమిషాల నడకో రాసుకోండి. ఏ కిటికీలోంచి ఏం కనబడుతుందో గీతలు గీయండి. ఈ పటం లేకుండా రాస్తే పన్నెండో అధ్యాయంలో మూడు నిమిషాలు పట్టిన దారి ఇరవయ్యో అధ్యాయంలో పావుగంట పడుతుంది. ఈ రకం పుస్తకాలు చదివేవాళ్ళు అది పట్టేస్తారు.

పటంలో రోడ్లతో పాటు మాటలు నడిచే దారులు కూడా ఉంటాయి. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఎవరు? ఎవరి చెవిన వేస్తే ఎవరికి చేరుతుంది? ఎవరితో ఎవరు మాట్లాడటం మానేశారు? ఊరి కబుర్లే మీ పరిశోధకురాలి ప్రయోగశాల. పోలీసులకు చెప్పనివి జనం బూటు తీసి ఆమె చేతికిస్తూ చెప్పేస్తారు.

నాలుగో మెట్టు: జరిగిందంతా ముందు హంతకుడి వైపు నుంచి రాయండి

నవల మొదలుపెట్టకముందే మూడు, నాలుగు పేజీల్లో అసలు కథ రాసుకోండి. ఇది పుస్తకంలోకి రాదు. గంటల వారీగా, నిమిషాల వారీగా ఏం జరిగిందో మీకు తెలియాలి. నా కాగితం మీద ఇలా ఉంది.

లైబ్రరీ మరమ్మతులకు పోగైన నిధిలో డబ్బు తగ్గిందని మాస్టారు కనిపెట్టాడు. లెక్కలు చూసేది ఒక కోశాధికారి. ఊళ్ళో అందరికీ కావలసిన మనిషి, ఎవరికి కష్టమొచ్చినా ముందుండేది ఆమే. సాయంత్రం ఐదింటికి లైబ్రరీలో ఇద్దరికీ మాట పెరిగింది. పై అంతస్తు మెట్ల మీద నుంచి ఆమె ఆయన్ని తోసేసింది. ఆయన కోటు, టోపీ, బూట్లు సంచిలో పెట్టుకుని వెనక తలుపు నుంచి వెళ్ళిపోయింది. చీకటిపడ్డాక, ఏడింటికి, అవి వేసుకుని ఆయన ఇంటి వైపు నుంచి చౌరస్తా దాటి ముందు తలుపు గుండా లైబ్రరీలోకి వచ్చింది. కోటు, టోపీ కొక్కేనికి తగిలించి, బూట్లు ఆయన కాళ్ళకు తొడిగి, వెనక నుంచి జారుకుని ఏడుంబావుకల్లా హాల్లో సమావేశానికి చేరింది. పదింటి దాకా నలభైమంది మధ్య కూర్చుంది.

లైబ్రరీ పై అంతస్తులో ఒక అలమర సగం సర్ది ఉంది, అది గంట పని. ఆ పని మాస్టారు ఐదింటికి ముందే చేశాడు. ఏడింటికి లోపలికి వెళ్ళిన మనిషి గంటసేపు పుస్తకాలు సర్దాడంటే చనిపోయింది ఎనిమిది దాటాకే అని అందరూ లెక్క వేస్తారు. కోశాధికారి మీదకు ఎవరి చూపూ పోదు.

ఇక్కడ ఆగి, మీ కథ శరీరధర్మాలకు నిలబడుతుందో లేదో చూసుకోండి. చనిపోయాక శరీరం బిగుసుకోవడం సాధారణంగా 2 నుంచి 4 గంటల్లో మొదలవుతుంది, ముందు దవడ, మెడ దగ్గర. ఒళ్ళంతా వ్యాపించడానికి 12 గంటల దాకా పడుతుంది. ఐదింటికి పోయిన మనిషి కాళ్ళు ఏడింటికి ఇంకా వదులుగానే ఉంటాయి కాబట్టి బూట్లు తొడగవచ్చు. అదే రాత్రి పదకొండైతే ఆ పని కష్టం. పొద్దున ఆరింటికి శవం దొరికితే పోయి 13 గంటలైందా, 10 గంటలైందా అన్నది వైద్యుడు ఖచ్చితంగా చెప్పలేడు. గది చల్లదనం, ఒంటి బరువు, కట్టుకున్న బట్టలు అన్నీ ఆ లెక్కను అటూ ఇటూ లాగుతాయి. కాబట్టి హంతకురాలి పథకం నిలుస్తుంది. ఈ వివరాలు నవల్లో రెండు వాక్యాలకు మించి రాకపోయినా సరే, మీకు మాత్రం తెలిసుండాలి.

హంతకుడు తప్పు చేయాలి, ఆ తప్పుకు కారణం ఉండాలి. యాదృచ్ఛికంగా జేబులోంచి పడిపోయిన చేతిరుమాలు నాకు నచ్చదు. నా హంతకురాలి పాదాలు చిన్నవి. మాస్టారి బూట్లు ఆమెకు వదులు. నడుస్తుంటే జారిపోకుండా లేసును పై బెజ్జం దాకా ఎక్కించి, రెండు మెలికలు తిప్పి గట్టిగా ముడేసింది. తిరిగి తొడిగేటప్పుడు లేసు వదులు చేసింది కానీ, కంగారులో బెజ్జాల్లోంచి తియ్యలేదు. మళ్ళీ తన చేతికి అలవాటైన ముడే వేసింది. మాస్టారికి కుడికాలు సాయంత్రమయ్యేసరికి వాస్తుంది. అందుకే ఆయన పైన రెండు బెజ్జాలు ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తాడు. ఈ సంగతి ఊళ్ళో ఒకే ఒక్క మనిషికి తెలుసు.

చూశారా, ఇప్పుడు హత్య పరిశోధకురాలి కన్నులోంచి పుట్టింది. ముఖాలు చూసే పదిమందీ కోటును, టోపీని చూసి మోసపోయారు. ముఖాలు పోల్చుకోలేని ఆమె చివరికి మోసపోలేదు.

ఐదో మెట్టు: ఆధారాన్ని పాఠకుడి చేతిలో పెట్టి, కనబడకుండా చేయండి

డిటెక్టివ్ కథలు రాసిన రొనాల్డ్ నాక్స్ అనే మతగురువు 1929లో పది నియమాలు ప్రకటించాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడికీ వెంటనే తెలియాలి, పరిశోధకుడే హంతకుడు కాకూడదు, ఇలా. మరుసటి ఏడాది లండన్‌లో రచయితలు డిటెక్షన్ క్లబ్ పెట్టుకుని, ఆట న్యాయంగా ఆడతామని ప్రమాణాలు కూడా చేశారు. వాటిలో కొన్ని ఇప్పుడు పాతబడ్డాయి. ఆధారం దాచకూడదన్నది మాత్రం ఇప్పటికీ కదలలేదు. పుస్తకం మూశాక పాఠకుడు వెనక్కి తిప్పి "అరే, ఇక్కడే ఉంది కదా" అనుకోవాలి. ఆ క్షణం కోసమే ఈ నవలలు చదువుతారు.

మరి కళ్ళెదురుగా పెట్టి ఎలా కప్పాలి? శవం దొరికే చోటు ఇలా రాశాను. మాస్టారి రెండో జత తిరిగి ఇవ్వడానికి ఆమే పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళింది.

"మెట్ల కింద ఎవరో పడి ఉన్నారు. ఆమె వంగి ముఖం చూసింది. కళ్ళు, ముక్కు, నెరిసిన మీసం. ఎవరో తెలియలేదు. ముఖం ఆమెకు ఎప్పుడూ ఏమీ చెప్పదు. చూపు కాళ్ళ వైపు దించింది. గోధుమరంగు బూట్లు, పై బెజ్జం దాకా లేసు ఎక్కించి, రెండు మెలికలు తిప్పి ముడేసి ఉన్నాయి. కుడి మడమ కొత్తది, అంచున జిగురు ఇంకా మెరుస్తోంది. మంగళవారం తన చేత్తో వేసిన మడమ. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. 'మాస్టారూ,' అంది."

ఆధారం ఎక్కడుందో మీకు తెలుసు కాబట్టి కనబడింది. మొదటిసారి చదివేవాళ్ళకు కనబడదు. వాళ్ళ మనసు కొత్త మడమ దగ్గర, "మాస్టారూ" దగ్గర ఆగిపోతుంది. లేసు సంగతి వర్ణన మధ్యలో పెట్టాను, వెంటనే దుఃఖం తెచ్చాను. పాఠకుడు ఏడుస్తున్నప్పుడు లెక్కలు వేయడు. సంతోషమూ అంతే పనిచేస్తుంది. ముందు రోజు రాత్రి ఏడింటికి కిటికీలోంచి ఆ బూట్లు నడిచి వెళ్ళడం ఆమె చూస్తుంది. ఎప్పుడూ ఈడ్చే కుడికాలు ఆ రోజు ఈడవడం లేదు. "నొప్పి తగ్గినట్టుంది" అనుకుని సంతోషపడుతుంది. ఒక మంచి మనిషి ఇంకో మంచి మనిషి గురించి సంతోషపడితే ఎవరు అనుమానిస్తారు?

రెండో పద్ధతి, ఆధారాన్ని రెండు ముక్కలు చేసి దూరదూరంగా పెట్టడం. లేసు పై బెజ్జం దాకా ఉందన్నది రెండో అధ్యాయంలో ఉంది. పైన రెండు బెజ్జాలు వదిలెయ్యమని ఆమే మాస్టారికి చెప్పిన సంగతి ఏడో అధ్యాయంలో, ఆయన్ని తలుచుకునే సందర్భంలో వస్తుంది. రెండిటినీ కలపడం పాఠకుడి పని. ఇంకొంత దూరం పోయాక పదకొండో అధ్యాయంలో కోశాధికారి తన బూట్లు బాగుచేయమని ఇస్తుంది. "నీ ముడి విప్పడానికే సగం పూట పడుతుందమ్మా" అని పరిశోధకురాలు చనువుగా విసుక్కుంటుంది. మూడు ముక్కలు, మూడు వేర్వేరు మనఃస్థితులు.

పక్కదారి పట్టించే ఆధారాలు కూడా కావాలి. వాటికి ఒక షరతు పెట్టుకోండి: చివరికి ప్రతిదానికీ సమాధానం దొరకాలి. లైబ్రరీ వెనక దొరికిన విరిగిన తాళంచెవి ఎవరిదో చెప్పకుండా పుస్తకం ముగిస్తే పాఠకుడు దాన్ని మోసం కిందే లెక్క వేస్తాడు.

ఆరో మెట్టు: ప్రతి అనుమానితుడికీ ఒక రహస్యం ఇవ్వండి

నలుగురైదుగురు చాలు. అంతకు మించితే ఎవరెవరో గుర్తుండదు. హంతకుడొక్కడే అబద్ధమాడితే ఆట ఒక్క పూటలో ముగుస్తుంది. అందుకని అందరూ ఏదో ఒకటి దాచాలి, ఆ దాచినది హత్యకు సంబంధం లేనిదై ఉండాలి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఊళ్ళో సగంమంది భుజాలు తడుముకోవాలి.

మాస్టారి మేనల్లుడు ఆ రాత్రి ఊళ్ళో లేనన్నాడు, కానీ ఉన్నాడు. తనకు వచ్చిన జబ్బు ఇంట్లో తెలియకూడదని రహస్యంగా వైద్యుడి దగ్గరకు వెళ్ళాడు. పాత పుస్తకాలు అమ్మే ఆయన లైబ్రరీ నుంచి ఒక అరుదైన పటాల పుస్తకం రాయించుకోకుండా తీసుకెళ్ళాడు. పక్కింటాయనకు మాస్టారితో తొమ్మిదేళ్ళుగా సరిహద్దు గోడ తగాదా. నిజానికి తగాదా ఎప్పుడో తీరిపోయింది, ఇద్దరూ రాత్రిళ్ళు రహస్యంగా చదరంగం ఆడుకునేవాళ్ళు. రాజీ పడ్డామని ఊరికి చెప్పడానికి ఇద్దరికీ మొహమాటం. ఈ చివరిది రాస్తున్నప్పుడు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. అనుమానితుల రహస్యాలు అలా ఉండాలని నా కోరిక. అవి బయటపడ్డప్పుడు మనుషులు మనకు ఇంకొంచెం దగ్గరవ్వాలి.

హంతకుడి విషయంలో, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న మాటను ఆధారం చేసుకోండి. మొదటి మూడు అధ్యాయాల్లోనే పరిచయం చేయండి, కథకు ఉపయోగపడే పని ఒకటి అప్పగించండి. నా కోశాధికారి మాస్టారి సంతాప సభ ఏర్పాట్లు చూస్తుంది, అందరికీ కబురు పెడుతుంది. ఆ దుఃఖం నటన కానక్కరలేదు. చిన్న ఊళ్ళో హంతకులు తాము చంపినవాళ్ళను ప్రేమించి కూడా ఉంటారు.

ఏడో మెట్టు: పోలీసుల సంగతి

పోలీసుల్ని తెలివితక్కువవాళ్ళుగా చూపించడం సులువు, కానీ అలా చేస్తే మీ పరిశోధకురాలి విజయం చిన్నదైపోతుంది. మీ ఇన్‌స్పెక్టర్ తెలివైనవాడే, సాక్ష్యాల్ని సరిగ్గానే పేర్చాడు, కానీ పదిమంది చూసిన కోటూ టోపీ ఆయన్ని తప్పుదారి పట్టించాయి. అంతే చాలు. ఆమెకూ చట్టానికీ మధ్య ఒక దారి మాత్రం ఉంచండి. తాళాలు పగలగొట్టి ఆధారాలు దొంగిలించే పరిశోధకుడి మీద నమ్మకం త్వరగా పోతుంది.

ఎనిమిదో మెట్టు: అధ్యాయాలు పేర్చుకోండి

ఇంగ్లీషులో ఈ నవలలు చాలావరకు 60,000 నుంచి 80,000 పదాల మధ్య ఉంటాయి. తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి కాబట్టి అదే కథ తక్కువ పదాల్లో ఇముడుతుంది. పదాలు లెక్కపెట్టడం కంటే ఇరవై ఐదు, ముప్పై అధ్యాయాలు అనుకుని, ప్రతిదానికీ ఒక కార్డు రాసుకోవడం మేలు. కార్డు మీద రెండే సంగతులు: ఈ అధ్యాయంలో పాఠకుడికి కొత్తగా ఏం తెలుస్తుంది, ఏ ప్రశ్న మిగిలి పేజీ తిప్పిస్తుంది. రెండూ రాయలేకపోతే ఆ అధ్యాయం అక్కర్లేదు.

శవం మొదటి పదో వంతులో దొరకాలి. సగం దగ్గర కథ మెడ తిరగాలి. నా కథలో మొదటి సగమంతా ఊరు దీన్ని ప్రమాదమే అనుకుంటుంది. మధ్యలో ఇన్‌స్పెక్టర్ హత్య అని ఒప్పుకుంటాడు. కానీ సమయం ఎనిమిది తర్వాత అని లెక్క వేసి మేనల్లుణ్ణి అరెస్టు చేస్తాడు. ఆమె గెలిచిన క్షణమే ఓడిపోతుంది, తన మాట వల్ల ఒక అమాయకుడు లోపలికి వెళ్ళాడు. ఇక ఆమెకు ఆగే హక్కు లేదు.

ఇదే ఊళ్ళో రెండో పుస్తకం, మూడో పుస్తకం రాయాలనుకుంటే ఒక చిక్కు వస్తుంది. 1984 నుంచి 1996 దాకా నడిచిన ఒక అమెరికన్ టీవీ సీరియల్‌లో కాబట్ కోవ్ అనే చిన్న ఊళ్ళో ఎన్ని హత్యలు జరిగాయంటే, ఆ అతికి "కాబట్ కోవ్ సిండ్రోమ్" అనే పేరే స్థిరపడింది. ప్రతి పుస్తకంలో శవం అక్కర్లేదు. మాయమైన వీలునామా, ఆకాశరామన్న ఉత్తరాలు, నలభై ఏళ్ళ కింద తప్పిపోయిన మనిషి తిరిగి రావడం కూడా నవలను మోయగలవు.

తొమ్మిదో మెట్టు: ముడి విప్పడం

అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇప్పించడం పాత పద్ధతి. జనం మధ్యలో ఎవరు ఎవరో తెలియక తడబడే నా పాత్రకు అది నప్పదు. ఆమెకు నప్పేది ఆమె షాపే. కోశాధికారి తన బూట్ల కోసం వస్తుంది. బల్ల మీద రెండు జతలు పక్కపక్కన ఉంటాయి, మాస్టారివి, కోశాధికారివి. రెండిటికీ ఒకే ముడి. కిటికీలోంచి ఇన్‌స్పెక్టర్ బూట్లు బయట ఆగి ఉండటం పరిశోధకురాలికి కనబడుతోంది. ఎక్కువ మాటలు అవసరం లేదు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. పాఠకుణ్ణి ఒప్పించే ఆధారం వేరు, కోర్టులో నిలబడే సాక్ష్యం వేరు. బూటు లేసు ముడితో ఎవరికీ శిక్ష పడదు. ఆ ముడి ఇన్‌స్పెక్టర్ చూపును సమయం మీద నుంచి మనిషి మీదకు తిప్పుతుంది. ఐదింటికి నువ్వెక్కడున్నావని మొదటిసారి అడిగిస్తుంది. నిధి లెక్కల పుస్తకం తెరిపిస్తుంది. సాక్ష్యం అక్కడ దొరకాలి. ఈ రెండో అంచె లేకుండా, మూలకు నెట్టగానే హంతకుడు గడగడా ఒప్పేసుకునే ముగింపులు తేలిపోతాయి.

పట్టుబడ్డాక ఇంకో అధ్యాయం తప్పకుండా రాయండి. మేనల్లుడు ఇంటికి రావాలి. పక్కింటాయన చదరంగం బల్ల ఏం చేస్తాడో చూపాలి. ఆమె విషయంలో ఊరు మారిన తీరు ఒక చిన్న పనిలో కనబడాలి. నా కథలో జనం షాపు మెట్లు దిగుతూనే, ఆమె తల ఎత్తకముందే, తమ పేరు చెప్పడం మొదలుపెడతారు.

పదో మెట్టు: వెనక నుంచి తిరగరాయండి

మొదటి రాత పూర్తయ్యాక వారం పది రోజులు దాన్ని ముట్టుకోకండి. తర్వాత రెండు రంగుల పెన్సిళ్ళు తీసుకుని చివరి అధ్యాయం నుంచి మొదటి దాకా వెనక్కి చదవండి. నిజమైన ఆధారం ఉన్నచోట ఒక రంగు, పక్కదారి పట్టించేది ఉన్నచోట ఇంకో రంగు. నిజమైనవన్నీ చివరి మూడోవంతులో గుంపుగా చేరి ఉంటే ముందుకు జరపండి. ఏ ఆధారమైనా పరిశోధకురాలికే ప్రత్యేకమైన చూపుతో పని లేకుండా ఎవరికైనా దొరికేదైతే, దాన్ని తీసేసి ఇంకొకటి పుట్టించండి.

ఆ తర్వాత ఇద్దరికి ఇవ్వండి, ఒకరు ఈ రకం నవలలు బాగా చదివేవాళ్ళు, ఇంకొకరు అసలు చదవనివాళ్ళు. "బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. ఎవరి మీద అనుమానం వస్తే ఆ పేరు, ఆ పేజీలోనే, అంచున పెన్సిల్‌తో రాయమనండి. పేరు మారిన ప్రతిసారీ కొత్తగా రాయమనండి. నా స్నేహితురాలు తిరిగిచ్చిన ప్రతిలో మేనల్లుడి పేరు తొమ్మిది చోట్ల ఉంది, పక్కింటాయనది నాలుగు చోట్ల, కోశాధికారిది ఎక్కడా లేదు. ఆఖరి పేజీ అంచున మాత్రం చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "రెండో అధ్యాయం మళ్ళీ చదివాను. లేసు!"